‘వైజ్’ అన్న మాటను సరిగ్గా అర్థం చేసుకుని వాడటం ఎలా: ఒక సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్‌లో ఏ ఆఫీసులో కూర్చున్నా ‘ఏరియావైజ్ లిస్టు తీయండి’, ‘డేట్‌వైజ్ ఫైలు పెట్టండి’ అన్న మాటలు పూటకొకసారైనా వినిపిస్తాయి. ఆ మాట అన్న మనిషే సాయంత్రం ఇంటికి వెళ్లి, కొడుకు ఉద్యోగం మారకుండా ఆగినందుకు ‘వైజ్ డెసిషన్’ అని మెచ్చుకోవచ్చు. రెండు చోట్లా పలికింది ఒకటే, రాసే అక్షరాలూ అవే, కానీ మొదటి దానిలో తెలివి ప్రసక్తే లేదు. ఈ సంగతి తెలియక ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువదించేవారూ, పోటీ పరీక్షలకు చదివేవారూ, ఇంగ్లీషులో ఉత్తరాలు రాసేవారూ ఒకేలాంటి పొరపాట్లు చేయడం అనువాద డెస్కులో పనిచేసిన ఏళ్లలో నేను దగ్గరగా చూశాను, కొన్నింటిని స్వయంగా చేశాను. ఈ మాటను పట్టుకోవడానికి ఒక వరుస ఉందని నా అనుభవం. ఆ వరుసలోనే చెబుతాను.

మొదటి మెట్టు: రెండు ‘వైజ్’లను విడదీయండి

ఇంగ్లీషులో ‘వైజ్’ అనే మాటలు రెండు. ఒకటి ‘వివేకం కల’ అనే విశేషణం. రెండోది ‘తీరు, విధం, పద్ధతి’ అనే అర్థంలో ఒకప్పుడు విడిగా వాడుకలో ఉన్న నామవాచకం. ఈ రెండోది ఇప్పుడు ఒంటరిగా దాదాపు కనిపించదు. పాత గ్రంథాల్లో ‘ఇన్ నో వైజ్’ అంటే ‘ఏ విధంగానూ కాదు’ అని అర్థం. కానీ అది చచ్చిపోలేదు. ‘క్లాక్‌వైజ్’, ‘లైక్‌వైజ్’, ‘అదర్‌వైజ్’, మన ‘డేట్‌వైజ్’ అన్నింటి తోకలోనూ అదే బతికి ఉంది. కనుక మాట ఎదురుకాగానే వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ ఉన్నది తెలివా, తీరా? మాట విడిగా నిలబడి ఉంటే తొంభై పాళ్లు తెలివి. మరో మాట చివర అతికి ఉంటే తొంభై పాళ్లు తీరు. మిగిలిన పది పాళ్ల సంగతి తరువాత వస్తుంది.

ఈ రెంటికీ మూలం మాత్రం ఒకటే. భాషాశాస్త్రజ్ఞులు ఇండో-యూరోపియన్ భాషలకు పునర్నిర్మించిన ‘వెయిద్’ అనే ధాతువుకు చూడటం, తెలుసుకోవడం అని అర్థం. సంస్కృతంలో ‘వేదం’, ‘విద్య’, ‘విద్వాంసుడు’ దాని సంతానమే. లాటిన్ వైపు నుంచి వచ్చిన ‘వీడియో’, ‘విజన్’ కూడా దానివే. ఇంగ్లీషులో ‘విట్’, ‘విట్నెస్’ దానివే. చూసి తెలుసుకున్నవాడు ‘వైజ్’ అయ్యాడు, చూపుకు కనిపించే రూపం ‘తీరు’ అయింది. ‘వేషం, పైరూపం’ అనే అర్థమున్న ‘గైజ్’ కూడా ఈ రెండో ‘వైజ్’కు తోబుట్టువే, ఫ్రెంచి గుమ్మంలోంచి వచ్చినందువల్ల మొదటి అక్షరం మారింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే ఉన్న విద్యానగర్ బోర్డు మీది ‘విద్య’కూ, ‘వైజ్’కూ చుట్టరికం ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. అయితే ‘వివేకం’ ఈ కుటుంబంలోది కాదు. దాని మూలంలో ఉన్నది వేరుచేయడం, అంటే పాలనూ నీటినీ విడదీసినట్టు మంచిచెడ్డలను విడదీయడం. ‘విజ్ఞత’లోని ‘జ్ఞ’ మరో కుటుంబానిది, ఇంగ్లీషు ‘నో’ అనే క్రియకు బంధువు.

రెండో మెట్టు: నోరు తిప్పుకోండి

‘వైజ్’ చివరి ధ్వని ‘రోజు’ అన్నప్పుడు వినిపించే మృదువైన ‘జు’కు దగ్గరగా ఉంటుంది, ‘జెండా’లోని గట్టి ‘జె’ కాదు. బజార్, జిందగీ వంటి ఉర్దూ మాటలు వింటూ పెరిగిన హైదరాబాదీలకు ఇది సులువుగానే పట్టుబడుతుంది. దాన్ని ‘స’గా పలికితే మాత్రం మాటే మారిపోతుంది. ‘వైస్’ అంటే దుర్గుణం. ‘వైస్ ఛాన్స్‌లర్’, ‘వైస్ ప్రిన్సిపాల్’ లోని ‘వైస్’ అంటే ‘బదులుగా ఉండేవాడు’. ‘డిస్ట్రిక్ట్ వైస్’ అని పలికేవారు, చివరకు అలాగే టైపు చేసేవారు ఆఫీసుల్లో తరచు కనిపిస్తారు. తెలివి అనే అర్థమున్న ‘వైజ్’ నుంచి వచ్చే నామవాచకంలో అచ్చు కూడా మారుతుంది: అది ‘వైజ్‌డమ్’ కాదు, ‘విజ్‌డమ్’. స్పెల్లింగులోనూ చివరి ‘ఈ’ అక్షరం రాలిపోతుంది. క్రియావిశేషణమైన ‘వైజ్లీ’లో మాత్రం అది నిలిచి ఉంటుంది.

మూడో మెట్టు: విశేషణాన్ని దాని పొరుగువారి నుంచి వేరుచేయండి

తెలుగులో ‘తెలివైన’ అనే ఒక్క మాటతో మనం చాలా పనులు నడుపుకుంటాం. పరీక్షలో ర్యాంకు తెచ్చుకున్నవాడూ తెలివైనవాడే, బేరం బాగా ఆడేవాడూ తెలివైనవాడే. ఇంగ్లీషులో మొదటివాడు ‘ఇంటెలిజెంట్’ లేదా ‘క్లెవర్’, రెండోవాడు ‘ష్రూడ్’. ఇద్దరిలో ఎవరినీ కేవలం ఆ కారణంతో ‘వైజ్’ అనరు. ‘వైజ్’ అనడానికి అనుభవం నుంచి, దీర్ఘదృష్టి నుంచి వచ్చిన నిర్ణయబలం కనిపించాలి. అందుకే పదేళ్ల పిల్లవాడిని ‘క్లెవర్’ అనడం సహజం, ‘వైజ్’ అంటే వయసుకు మించిన పెద్దరికం ఉందని అర్థం. ‘ప్రూడెంట్’ అంటే ముందుచూపు, ముఖ్యంగా డబ్బు, ప్రమాదాల విషయంలో జాగ్రత్త. ‘సెన్సిబుల్’ అంటే మనం ‘ఇంగితం ఉన్నవాడు’ అనేది. తెలంగాణ మాటల్లో ‘వాడు హుషారు పిల్లగాడు’ అన్నప్పటి హుషారు కూడా ‘స్మార్ట్’కు దగ్గర, ‘వైజ్’కు కాదు.

ఈ తేడా నాకు మూసీ చరిత్ర చదువుతున్నప్పుడు బాగా మనసుకెక్కింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేల ప్రాణాలు తీసింది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి సలహా అడిగారు. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే ఆపాలని ఆయన సూచించారు. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. అవే ఆ తరువాత నగరానికి తాగునీరూ ఇచ్చాయి. ఇప్పుడు ఇంగ్లీషులో ఆలోచించండి. ఆ కట్టల నిర్మాణంలోని నేర్పు ‘క్లెవర్ ఇంజనీరింగ్’. వరద పోయింది కదా అని ఊరుకోకుండా, రాబోయే తరాల వరకు ఆలోచించి కట్టాలని నిర్ణయించడం ‘వైజ్ డెసిషన్’. పనిలో తెలివి ఉంటుంది, ఆ పని ఎంచుకోవడంలో వివేకం ఉంటుంది. ‘వైజ్’ పక్కన సహజంగా కూర్చునే నామవాచకాలన్నీ ఈ కోవలోవే: డెసిషన్, చాయిస్, కౌన్సెల్, ఇన్వెస్ట్‌మెంట్, ప్రికాషన్. ‘వైజ్ ఆన్సర్’ అంటే సరైన జవాబు కాదు, ఆలోచించి ఇచ్చిన జవాబు. గణితం పేపరులో సరైన జవాబు రాసినవాడిని ఆ మాటతో మెచ్చుకోకూడదు.

వాక్యంలో దాన్ని నిలబెట్టే పద్ధతులు మూడు తెలిస్తే చాలు. జరిగిపోయిన పనిని మెచ్చుకోవడానికి ‘ఇట్ వజ్ వైజ్ ఆఫ్ యు టు వెయిట్’ అంటారు. తెలుగులో ‘ఆగి మంచి పని చేశారు’ అంటే సరిపోతుంది. ఇక్కడ ‘ఆఫ్’ తప్పనిసరి, ఎందుకంటే మెచ్చుకోలు మనిషికి చెందుతోంది. జరగబోయే పని గురించి సౌమ్యంగా సలహా ఇవ్వడానికి ‘ఇట్ వుడ్ బి వైజ్ టు వెయిట్’ అంటారు. ఇది మన ‘ఆగితే మంచిది’. మూడోది ‘యు వుడ్ బి వైజ్ టు వెయిట్’. పైకి ఇదీ సలహాలాగే ఉంటుంది కానీ, ఉత్తరప్రత్యుత్తరాల్లో, ముఖ్యంగా బాకీలు, వివాదాల విషయంలో, ఇందులో ఒక హెచ్చరిక దాగి ఉంటుంది. ‘ఆగడం మీకే మంచిది’ అన్నప్పుడు ‘మీకే’లో ఉండే బరువు అది. ఇంటి యజమానికి రాసే ఉత్తరంలో రెండో పద్ధతి వాడవలసిన చోట మూడోది పడితే స్నేహం చెడుతుంది.

వ్యతిరేకానికి ‘అన్‌వైజ్’ ఉంది. అది ‘ఫూలిష్’ అంత ఘాటైనది కాదు. ఆఫీసు నోట్‌లో పైఅధికారి నిర్ణయాన్ని తప్పుపట్టవలసి వచ్చినప్పుడు ‘మూర్ఖత్వం’ అనకుండా ‘సముచితం కాదు’ అనడానికి ఈ మాట చక్కగా ఉపయోగపడుతుంది.

నాలుగో మెట్టు: ‘విజ్‌డమ్’కు ఒక్క తెలుగు మాట కట్టేయకండి

‘విజ్‌డమ్’ కనబడగానే ‘జ్ఞానం’ అని రాసేయడం అలవాటు. ఆధ్యాత్మిక సందర్భంలో అది సరైనదే. క్రైస్తవ గ్రంథం తెలుగు అనువాదంలో శిశువైన యేసును చూడటానికి వచ్చిన ‘వైజ్ మెన్’ను ‘జ్ఞానులు’ అనే అన్నారు. కానీ ఒక నిర్ణయంలోని ‘విజ్‌డమ్’ను ‘వివేకం’ లేదా ‘విజ్ఞత’ అనాలి. పల్లెటూరి పెద్దల ‘విజ్‌డమ్’ అనుభవజ్ఞానం. సామెతల్లోని ‘విజ్‌డమ్’ లోకజ్ఞానం. దంతవైద్యుడు చెప్పే ‘విజ్‌డమ్ టూత్’ జ్ఞానదంతం. సాధారణంగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య, బుద్ధి వికసించే వయసులో వస్తుంది కనుక లాటిన్‌లో ఉన్న ఆ పేరే ఇంగ్లీషుకూ మనకూ వచ్చింది.

మరింత జాగ్రత్త కావలసినవి రెండున్నాయి. మొదటిది ‘కన్వెన్షనల్ విజ్‌డమ్’. ఆర్థికవేత్త జాన్ కెన్నెత్ గాల్‌బ్రెయిత్ 1958లో ప్రచారంలోకి తెచ్చిన పదబంధం ఇది. ఆయనే 1961 నుంచి 1963 వరకు మన దేశంలో అమెరికా రాయబారిగా ఉన్నారు. దీన్ని ‘సంప్రదాయ జ్ఞానం’ అని అనువదిస్తే తాతముత్తాతల నాటి వైద్యమో, వ్యవసాయమో గుర్తుకొస్తుంది. అసలు అర్థం ‘అందరూ నిజమని ఒప్పేసుకున్న అభిప్రాయం’. అది తప్పయ్యే అవకాశం ఉందన్న సూచన కూడా అందులో ఉంటుంది. ‘చాలామంది నమ్మే మాట’ అని రాయడం మేలు.

రెండోది ‘ఇన్ ఇట్స్ విజ్‌డమ్’. డెస్కులో చేరిన కొత్తలో ఒక సంపాదకీయ వ్యాసం నా చేతికి వచ్చింది. చెట్లు నరికి పార్కింగు స్థలం చేయాలన్న ఒక కమిటీ నిర్ణయాన్ని అది విమర్శిస్తోంది. ‘ద కమిటీ, ఇన్ ఇట్స్ విజ్‌డమ్, డిసైడెడ్’ అన్న చోట నేను ‘కమిటీ తన వివేకంతో నిర్ణయించింది’ అని రాశాను. అచ్చయ్యాక చూస్తే విమర్శ పొగడ్తగా మారింది. ఆ పదబంధం మామూలు రచనలో దాదాపు ఎప్పుడూ ఎత్తిపొడుపే. ‘ఎందుకు అనిపించిందో గానీ కమిటీ ఇలా నిర్ణయించింది’ అన్న ధోరణి అక్కడ రావాలి. కోర్టు తీర్పుల్లో ‘విజ్‌డమ్ ఆఫ్ ద లెజిస్లేచర్’ అన్నప్పుడు మాత్రం అది గౌరవంగా అన్న మాటే, దాన్ని ‘శాసనసభ విజ్ఞత’ అనవచ్చు. మనం ‘మీ విజ్ఞతకే వదిలేస్తున్నాను’ అంటాం కదా, దాన్ని ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు ‘విజ్‌డమ్’ వాడకుండా ‘ఐ లీవ్ ఇట్ టు యువర్ జడ్జ్‌మెంట్’ అనడం క్షేమం.

ఐదో మెట్టు: పదబంధాలను మొత్తంగా నేర్చుకోండి

‘నన్ ద వైజర్’ను మాటమాటగా విడదీస్తే ‘ఎవరూ ఎక్కువ వివేకవంతులు కారు’ అని వస్తుంది. అసలు అర్థం ‘ముందెంత తెలుసో ఇప్పుడూ అంతే తెలుసు’. కస్టమర్ కేర్‌కు ఫోను చేసి అరగంట విన్నా బిల్లు ఎందుకు పెరిగిందో తెలియకపోతే, ‘ఐ వజ్ నన్ ద వైజర్’. ‘నో వన్ విల్ బి ద వైజర్’ అంటే ‘ఎవరికీ తెలియదులే’, గుట్టుగా చేసే పనికి అనే మాట.

‘వైజ్ ఆఫ్టర్ ది ఈవెంట్’కు ‘చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం’ అని చాలామంది రాస్తారు. దగ్గరే కానీ సరిగ్గా అదే కాదు. మన సామెతలో ఆలస్యంగా చేసిన పని ఉంది. ఇంగ్లీషు మాటలో అంతా అయిపోయాక ‘ఇలా అవుతుందని ముందే తెలియాల్సింది’ అని చెప్పేవారి ధోరణి ఉంది.

‘పెన్నీ వైజ్ అండ్ పౌండ్ ఫూలిష్’ పుట్టిననాటికి ఒక పౌండుకు 240 పెన్నీలు. 1971 నుంచి వంద. పెన్నీ దగ్గర జాగ్రత్త, పౌండు దగ్గర అజాగ్రత్త. మా కాలనీలో ఒక ఇంట్లో ఓవర్‌హెడ్ ట్యాంకు బాల్‌కాక్ పాడై నీళ్లు రాత్రంతా పొర్లిపోయేవి. మార్చడానికి ప్లంబరు అడిగిన డబ్బు ఎక్కువనిపించి నెలరోజులు ఆగారు. ఆ నెలలో ఎండాకాలం మొదలై, కొనుక్కున్న నీటి ట్యాంకర్ల ఖర్చు దానికి ఎన్నో రెట్లయింది. ఈ పదబంధాన్ని నేర్పవలసి వచ్చినప్పుడల్లా నేను ఆ ట్యాంకునే చూపిస్తాను.

ఇంకొన్ని మాటలు పొగడ్తలా కనిపించే తిట్లు. అమెరికన్ వాడుకలో ‘వైజ్ మ్యాన్’ జ్ఞాని, ‘వైజ్ గై’ మాత్రం ‘పెద్ద తెలివిగలవాడివి బయలుదేరావు’ అనిపించుకునేవాడు. ‘వైజేకర్’ కూడా అంతే. అమెరికా కంపెనీలతో ఫోనులో మాట్లాడే మాదాపూర్, గచ్చిబౌలి ఉద్యోగులు ఈ తేడాను తప్పక గుర్తుపెట్టుకోవాలి. ‘గెట్ వైజ్ టు’ అంటే ఎదుటివారి ఎత్తును పసిగట్టడం.

ఇక ‘వైజ్ యాజ్ ఎన్ అవుల్’. గ్రీకుల జ్ఞానదేవత ఎథీనా పక్షి గుడ్లగూబ, అందువల్ల పాశ్చాత్యులకు అది జ్ఞానచిహ్నం. మనకు గుడ్లగూబ ఇంటి మీద వాలితే అశుభం. పాతబస్తీ ఉర్దూలో ‘ఉల్లూ’ అంటే పచ్చి మూర్ఖుడు. ఈ పోలికను యథాతథంగా తెచ్చి గురువుగారి సన్మానపత్రంలో పెడితే రెండు భాషలవారూ నొచ్చుకుంటారు. ‘బృహస్పతి’ అనండి.

ఆరో మెట్టు: తోకగా వచ్చే ‘వైజ్’

దీనిలో మూడు పొరలున్నాయి. అన్నిటికన్నా పాతది దిశ, తీరు చెప్పేది. చార్మినార్‌కు నాలుగు వైపులా 1889లో అమర్చిన గడియారాలను తలచుకోండి. వాటి ముల్లు తిరిగే దిశ ‘క్లాక్‌వైజ్’. మన పాఠ్యపుస్తకాల్లో దీన్ని సవ్యదిశ అంటారు, ఎదురుదిశ అపసవ్యం. చిలుకూరు బాలాజీ గుడిలో మొక్కు తీరినవారు చేసే 108 ప్రదక్షిణలన్నీ క్లాక్‌వైజే, కనుక ఈ అర్థం మనకు కాళ్లకే తెలుసు. ఎదురుదిశను బ్రిటిష్ ఇంగ్లీషులో ‘యాంటీక్లాక్‌వైజ్’ అనీ, అమెరికాలో ‘కౌంటర్‌క్లాక్‌వైజ్’ అనీ అంటారు. ‘లెంగ్త్‌వైజ్’ అంటే నిలువునా. బెండకాయను గుత్తికి చీల్చినట్టు.

రెండో పొర ‘విషయానికొస్తే’ అనేది. ‘ప్రైస్‌వైజ్, ఇట్ ఈజ్ గుడ్’ అంటే ‘ధర విషయానికొస్తే బాగానే ఉంది’. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో విపరీతంగా పెరిగిన వాడుక ఇది. మాటల్లో బాధ లేదు కానీ, మంచి రచనలో దీన్ని చాలామంది సంపాదకులు కొట్టేస్తారు, నేనూ కొట్టేస్తాను.

మూడో పొర మన దేశంలో బాగా పెరిగింది: ‘వారీగా’ అనే అర్థం. ‘డిస్ట్రిక్ట్‌వైజ్ లిస్టు’ అంటే తెలంగాణలోని 33 జిల్లాలకు 33 వరుసలున్న పట్టిక. ‘వారీ’కి ఉర్దూలోని ‘వార్’ దగ్గరిది. ‘తారీఖ్‌వార్’, ‘జిలావార్’ అని దస్తావేజుల్లో రాసుకున్న నగరం కావడంతో, ఇంగ్లీషు ‘వైజ్’ వచ్చి ఆ ఖాళీలో హాయిగా కూర్చుంది. ఇది తప్పు కాదు, భారతీయ ఇంగ్లీషులో స్థిరపడిన వాడుక. విదేశాల్లో ఉన్నవారికి రాస్తున్నప్పుడు మాత్రం ‘బై డిస్ట్రిక్ట్’ అంటే వారికి వెంటనే అర్థమవుతుంది.

రెండో పొరకూ మూడో పొరకూ మధ్య గందరగోళం రావచ్చు. ‘సబ్జెక్ట్‌వైజ్ రిపోర్ట్’ అంటే సబ్జెక్టుల వారీగా ఇచ్చిన నివేదిక. ‘సబ్జెక్ట్‌వైజ్ హి ఈజ్ గుడ్’ అంటే సబ్జెక్టు పరిజ్ఞానం విషయంలో అతను మెరుగు. ఆ మాట తరువాత నామవాచకం ఉందా, వాక్యమంతా ఉందా అన్నది చూస్తే తేలిపోతుంది.

మొదట చెప్పిన పది పాళ్లు ఇక్కడ వస్తాయి. ‘స్ట్రీట్‌వైజ్’, ‘వరల్డ్లీ-వైజ్’ లలో తోకలా కనిపించేది అసలైన తెలివే. ‘స్ట్రీట్‌వైజ్’ అంటే వీధుల వారీగా కాదు. పదిమందిలో తిరిగి, మోసపోకుండా నెగ్గుకు రాగలవాడు. ఓటర్ల జాబితా కావాలంటే ‘స్ట్రీట్-బై-స్ట్రీట్’ అని అడగాలి.

ఏడో మెట్టు: ‘అదర్‌వైజ్’

ఒక్క మాట మీద ఎక్కువ సమయం పెట్టగలిగితే దీని మీదే పెట్టండి. మనకు ‘లేకపోతే’ ఒక్కటే తెలుసు: ‘కమ్ అర్లీ; అదర్‌వైజ్ యు విల్ మిస్ ద బస్’. ఇలా రెండు వాక్యాలను కలిపేటప్పుడు దాని ముందు సెమీకోలన్ గానీ ఫుల్‌స్టాప్ గానీ కావాలి, కామా చాలదు. విశేషణం ముందు వస్తే అర్థం మారుతుంది: ‘ఎన్ అదర్‌వైజ్ క్వయట్ కాలనీ’ అంటే ‘మామూలుగా ప్రశాంతంగా ఉండే కాలనీ’, ఏదో ఒక్క గొడవ జరిగిందన్న సూచన అందులోనే ఉంటుంది. క్రియ తరువాత వస్తే ‘మరోలా’: ‘ది ఎవిడెన్స్ సజెస్ట్స్ అదర్‌వైజ్’ అంటే ‘సాక్ష్యాలు మరోలా చెబుతున్నాయి’. దరఖాస్తుల్లో ఉండే ‘అన్‌లెస్ అదర్‌వైజ్ స్పెసిఫైడ్’ అంటే ‘వేరుగా పేర్కొంటే తప్ప’.

‘ఆర్ అదర్‌వైజ్’ కనిపించినప్పుడు తెలుగు ద్వంద్వ సమాసాలు అద్భుతంగా ఆదుకుంటాయి. ‘సక్సెస్ ఆర్ అదర్‌వైజ్’ జయాపజయాలు. ‘ద ట్రూత్ ఆర్ అదర్‌వైజ్’ నిజానిజాలు. పక్కన వ్యతిరేకార్థం లేని మాట ఉంటే, ఉదాహరణకు ‘బై పోస్ట్ ఆర్ అదర్‌వైజ్’ అంటే, ‘పోస్టులో గానీ మరే విధంగా గానీ’.

‘లైక్‌వైజ్’ అంత కష్టమైనది కాదు: అదేవిధంగా. ఎవరైనా ‘మిమ్మల్ని కలవడం సంతోషం’ అంటే ‘లైక్‌వైజ్’ అని బదులిస్తే ‘నాకూను’ అన్నట్టు.

ఎనిమిదో మెట్టు: సాధన

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో ఇంగ్లీషు వ్యాసాల సంపుటి ఒకటి తెచ్చుకోండి. ‘వైజ్’ కనిపించిన ప్రతి వాక్యాన్నీ నోటుపుస్తకంలో రాసి, పక్కన ‘తెలివి’ లేదా ‘తీరు’ అని పెన్సిలుతో గుర్తుపెట్టండి, ఆ తరువాతే తెలుగు చేయండి. గుర్తు పెట్టకుండా అనువాదానికి దిగకూడదన్న ఒక్క నియమం పాటిస్తే, నెల తిరిగేసరికి పెన్సిలు అవసరం ఉండదు.

నా దగ్గరికి వచ్చేవారికి చివరగా ఇచ్చే వాక్యం ఇది: ‘ఇట్ వుడ్ బి వైజ్ టు అరేంజ్ ద బిల్స్ డేట్‌వైజ్; అదర్‌వైజ్ ది ఆడిటర్ విల్ బి నన్ ద వైజర్.’ మొదటిది తెలివి, సౌమ్యమైన సలహా. రెండోది తీరు, ‘వారీగా’. మూడోదీ తీరే, సెమీకోలన్ తరువాత వచ్చింది కనుక ‘లేకపోతే’. నాలుగోది మళ్లీ తెలివి, కానీ పదబంధం కనుక విడదీయకూడదు. అన్నీ కలిపితే తెలుగులో ఇలా వస్తుంది: ‘బిల్లులను తేదీల వారీగా సర్దితే మంచిది, లేకపోతే ఆడిటరుకు ఎంత చూసినా ఏమీ అర్థం కాదు.’